లారీ తలుపు లోపలి పలకలను క్లిప్పులు విఱుగకుండ ఊడదీయు విధము

గత మార్గశిరములో నొక రాత్రి కుప్పము చెంతనున్న పల్లెనుండి సంఘ సభ్యులొకరు తమ పికప్పు లారీని మా వాకిట నిలిపి మమ్ము నిద్రలేపిరి. లారీలో టమాటా క్రేట్లు నిండియుండెను. తెల్లవారునప్పటికి అవి మదనపల్లె మండీలో దిగవలెను. డ్రైవరు ప్రక్కనున్న తలుపు అద్దము జాఱి తలుపు కడుపులో పడిపోయెను. ఎంత త్రిప్పినను పైకి రాదయ్యెను. వెలుపల మంచు కురియుచుండెను. "సార్, లోపలి పలక యొక్కటి ఊడదీస్తే చాలు. అద్దాన్ని చేత్తో పైకెత్తి చెక్క దూర్చుకొని పోతాను" అని వారనిరి.

పంటతెగుళ్ళను గూర్చి మమ్మడుగుట కలవాటుపడినవారు లారీతెగులును గూర్చియు మమ్మే యడిగిరిగదా యను గర్వముతో మేమొక స్క్రూడ్రైవరును దెచ్చి పలక యంచున దూర్చి మీటితిమి. పలక కదలలేదు. మఱికొంత బలముగ మీటితిమి. టపటపమని నాలుగు క్లిప్పులు విఱిగెను. పిడిచెంత పలక జానెడు పొడవున చీలెను. పిడిగుంటలో చిన్న మూతక్రింద స్క్రూ యొకటి దాగియున్న సంగతి అటుపిమ్మట టార్చిలైటు వెలుతురున తెలిసెను. అద్దమును పైకెత్తి నిలుపగలిగితిమిగాని, పలకను కొబ్బరిత్రాటితో తలుపునకు కట్టి పంపవలసివచ్చెను. వి.కోట, పలమనేరు, పుంగనూరుల మీదుగ పోవు 42వ జాతీయరహదారిలో ఆ పలక దారిపొడవున కొట్టుకొనుచునే పోయెనట. క్రొత్తపలక వెల తెలిసినపుడు మేము పడిన సిగ్గే యీ వ్యాసమునకు కారణము.

ఎరువులు, విత్తనములు, పురుగుమందులను గూర్చి వ్రాయవలసిన పత్రికలో లారీతలుపు ప్రసక్తి యేల యని కొంద ఱడుగవచ్చును. మన తాతలు ఎడ్లబండిని కొన్ననాడే కడచీల నెట్లు తీయవలెనో, ఇరుసునకు కందెన యెప్పుడు పెట్టవలెనో తెలిసికొనెడివారు. దానికై కమ్మరి యింటికి పరుగెత్తుట చిన్నతనముగ నుండెను. నేడు పంటను మండీకి మోయునది లారీ. దానియందు రైతు తన చేతితో చేసికొనదగిన చిన్నపనులు పెక్కు గలవు; కాని వానిలో ననేకములు ప్లాస్టికు పలకల వెనుక దాగియున్నవి. అద్దమును ఎత్తి దింపు రెగ్యులేటరు, తలుపు గడియ కడ్డీలు, తీగలు, ఎలుక గూడు కట్టిన మూల, ఇవన్నియు ఆ పలక తీసినగాని కానరావు.

పూర్వకాలపు లారీలకీ బాధ లేదు. కంపెనీవారు చట్రమును యంత్రమును మాత్రమే యిచ్చెడివారు. క్యాబినును మన యూళ్ళలోని వడ్రంగులే కఱ్ఱతోను రేకుతోను కట్టెడివారు. స్క్రూలన్నియు కంటి కెదుట నుండెడివి. లోపలిభాగమునకు ప్లాస్టికు వచ్చినది తరువాతిమాట. నైలాను 1935లో అమెరికాలో కనుగొనబడెను. నేటి తలుపుపలకలలో విశేషముగ వాడబడు పాలీప్రొపిలీనును 1954లో ఇటలీ దేశస్థుడగు నట్టా గట్టి ప్లాస్టికుగ తయారుచేసి చూపెను. తేలికదనము, తుప్పుపట్టకుండుట, అచ్చులో నేరూపమునకైన పోతపోయ వీలగుట, ఈ గుణములచే నవి రేకును వెడలగొట్టినవి. ఫ్యాక్టరీలో పలకను తలుపునకు బిగించువానికి స్క్రూలు త్రిప్పుచు కూర్చుండుటకు వ్యవధి లేదు; అఱచేతితో నొక్కిన టక్కున పట్టుకొను క్లిప్పులు అందుకొఱకే యేర్పడినవి. అనగా అవి బిగించువాని సౌకర్యమునకు పుట్టినవేగాని ఊడదీయువాని సౌకర్యమునకు కావు. ఈ యొక్క సంగతిని జ్ఞాపకముంచుకొనిన సగముపని తెలిసినట్లే.

క్లిప్పు నొకదానిని చేతబట్టి చూడుడు. చేపగాలపు ముల్లువలె దాని కాడకు వెనుకకు వాలిన రెక్కలుండును. రేకురంధ్రములోనికి పోవునపుడు రెక్కలు ముడుచుకొని, లోపల ప్రవేశించినపిమ్మట విప్పుకొనును. తల భాగము పలక వెనుకనున్న చిన్న దొప్పలో ప్రక్కనుండి దూర్చబడి యుండును. తిన్నగ లాగినచో రెక్కలు తిరిగి ముడుచుకొని కాడ వెలుపలికి వచ్చును. వాలుగ లాగినచో రెక్కలు రంధ్రపు అంచును పట్టుకొనును. అపుడు మెడ తెగును, లేదా దొప్ప చినుగును. మేము చదివిన మిషను పాఠశాలలో వడ్రంగము నేర్పిన వృద్ధోపాధ్యాయులు వంకరగ మేకు పెఱుకు బాలుర మొట్టికాయ వేసి, దిగిన త్రోవనే దానిని రానిమ్మని చెప్పెడివారు. ముప్పదియేండ్లు దాటినపిమ్మట ఆ మొట్టికాయ లారీతలుపుకడ పనికివచ్చినది.

ఇచట ఖర్చు లెక్కగూడ చెప్పవలెను. క్లిప్పు విఱిగిన పోవునది కొద్ది రూపాయలు. విడిభాగముల అంగడిలో పాతదానిని మాదిరిగ చూపిన అటువంటిది దొరకును. దొప్ప విఱిగినచో పోవునది పలక. పాలీప్రొపిలీనునకు సాధారణమగు జిగురు లేవియు అంటవు. అంగటిలో నెవరేమి చెప్పినను నమ్మవలదు. పలక వెనుకభాగమున దాని జాతి నక్షరములతో పోతపోసి యుందురు. పి.పి. యని యున్నచో అది పాలీప్రొపిలీను. దానిని వేడిచేసి కరగించి యతుకువారు కొందఱు గలరుగాని ఆ యతుకు మొదటిదానివలె నుండదు. కనుక క్లిప్పుకంటె దొప్పను కాపాడుటయే మన ముఖ్యోద్దేశ్యముగ నుండవలెను. రెండింటిలో నొకటి పోక తప్పనిచో క్లిప్పునే పోనిండు.

పనికి వేళ యెంచుకొనుట సేద్యమునందువలెనే యిందును ముఖ్యము. చలికి ప్లాస్టికు బిఱుసెక్కును. ఎండలో నేండ్లతరబడి నిలిచిన లారీలో నది పెళుసుబాఱి యుండును. మా మార్గశిరపు రాత్రి యీ రెండు దోషములును కలిసినవి. మన మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతము ఎత్తుసీమ యగుటచే శీతకాలపు వేకువలు మిక్కిలి చల్లగ నుండును. ఆ ఋతువులో ప్రొద్దెక్కినదాక బండిని ఎండకు నిలిపి, తలుపు గోరువెచ్చనయిన తరువాత పని మొదలిడుట మేలు. అంత తీఱిక లేనిచో వేడినీట ముంచి పిండిన గుడ్డను పలక యంచులవెంట కొంతసేపు పఱచి యుంచవచ్చును. నడివేసవి మధ్యాహ్నమున మాత్రము పని పెట్టుకొనరాదు. అపుడు పలక మెత్తబడి లాగినచోట వంగి, ఆ వంకర యటులే నిలిచిపోవుటయు గలదు.

పనిముట్టుల మాట. ప్లాస్టికుతో చేసిన మీటుబద్దలు అంగళ్ళలో అమ్మబడుచున్నవి, కొనగలవారు కొనవచ్చును. మేము మాత్రము టమాటా మొక్కలకు ఊతముగ నాటు వెదురు కఱ్ఱలలో ముదురుదాని నొకదానిని చీల్చి, రెండంగుళముల వెడల్పు బద్దగ చెక్కి, కొనను పలుచజేసి, నడుమ చిన్న చీలిక కోసితిమి. ఆ చీలికలో క్లిప్పు మెడ యిముడవలెను. ఇనుపముట్టువలె నిది రంగును గీయదు, పలకను కొఱకదు. బలము మితిమీఱిన ముందుగ తానే విఱుగును. దాని విఱుగుటయే మనకు హెచ్చరిక. దీనితోడ ఒక స్క్రూడ్రైవరు, ఒక పాతగుడ్డ, టార్చిలైటు, స్క్రూల నుంచుకొనుట కొక గిన్నె యున్న చాలును. తలుపు లోపలి రేకు అంచులు కత్తివలె నుండును గనుక చేతితొడుగులు వేసికొనుట మంచిది.

ముందుగ బ్యాటరీ యొక్క నల్లతీగను, అనగా మైనసు తీగను, విప్పుడు. తరువాత లాగుట కాదు, వెదకుట. మేము చేసిన తప్పు ఇచటనే జరిగినది గనుక దీనిని విస్తరించి చెప్పెదము.

క్లిప్పులు అంచును మాత్రమే పట్టుకొనును. చేయి పడి లాగబడుచోట్ల బరువు నోర్చునది స్క్రూయే. కావున చేయి ఎచ్చట పడునో అచ్చట స్క్రూ నుండునని యెంచి వెదకవలెను. తలుపును లాగి మూసికొను పిడి గుంటలో అడుగున చూడుడు. గుండ్రనిదో పలుకదో చిన్న మూత యుండును. గోరుతోనో సన్నని బద్దకొనతోనో ఎత్తిన క్రింద స్క్రూ కానవచ్చును. గడియ తీయు పిడి వెనుకనున్న దొప్పలో నొకటి యుండుట సాధారణము. మోచేయి ఆనించు భాగముక్రింద వెల్లకిల పండుకొని చూచినగాని కానరానివి ఒకటి రెండుండవచ్చును. వెలుపలి అద్దము తగిలించిన మూలలో లోపలివైపున ముక్కోణపు మూత యున్నచో దానిని మొదట తీయవలెను; కొన్ని బండ్లలో పెద్దపలక అంచు దానిక్రింద అణగియుండును. పలక అడుగంచునను ఇరుప్రక్కలను తడిమిచూడుడు. దుమ్ముతో నిండిన స్క్రూతల ప్లాస్టికుతో నేకమై కంటిని మోసగించును. తడిగుడ్డతో తుడిచిన బయటపడును. తీసిన స్క్రూలలో పొడుగుపొట్టి భేదములుండును గనుక ఏది యెచటిదో చేతిలోని ఫోనుతో ఛాయాచిత్రము తీసికొనుడు.

చేతితో అద్దమును త్రిప్పు పిడిగల బండ్లు చిన్నలారీలలో నింకను పెక్కుగలవు. ఆ పిడిని చూచి తికమకపడువారు మెండు. ఏలయన దానికి పలుమారు స్క్రూయే కానరాదు. కొన్నిటిలో నడుమ మూతక్రింద స్క్రూ యుండును, అది సులభము. తక్కినవానిలో పిడికిని పలకకును నడుమ గుఱ్ఱపులాడమువంటి తీగక్లిప్పు లోపల దాగియుండును. దీనికొక చక్కని యుపాయము గలదు. పాతపంచె నుండి రెండు వ్రేళ్ళ వెడల్పు పేలిక చించి, పిడి వెనుక సందులో దూర్చి, రెండు కొనలను రెండు చేతుల బట్టి రంపము లాగినట్లు ఇటునటు లాగవలెను. పేలిక లాడపు కొనలకు తగుల్కొని దానిని వెలుపలికి నెట్టును. అది టింగుమని యెగిరి మట్టిలో పడినచో వెదకుట కష్టము. క్రింద దుప్పటి పఱచుకొనుడు. పిడిని తీయకమునుపు, అద్దము మూసియుండగా అది ఏదిక్కున నిలిచియుండెనో గుర్తుంచుకొననిచో మరల బిగించినపుడు మోకాలికి తగులుచోట నిలుచును. మరల పెట్టునపుడు లాడమును ముందు పిడిలోనే యమర్చి, పిడిని కాడపై నొక్కిన చాలును, తానే పట్టుకొనును.

స్క్రూలన్నియు ముగిసినవని తోచినపిమ్మట గూడ ఒక పరీక్ష చేయుడు. పలక అంచును రెండు చేతులతో మెల్లగ ఊపుడు. అంచంతయు కొంచెము కొంచెము కదలి, ఒకచోట మాత్రము రాయివలె నిలిచియున్నచో అచట స్క్రూ మిగిలియున్నదని యర్థము. మా రాత్రి యీ పరీక్ష చేసియుండినచో ఆ పలక నేటికిని నిలిచియుండును.

ఇక లాగుట. క్రింది మూలనుండి ఆరంభింపుడు. వెదురుబద్దను అంచున దూర్చి వ్రేలెడు సందుచేసి టార్చితో లోనికి చూచిన మొదటి క్లిప్పు కానవచ్చును. బద్ద చీలికను దాని మెడకు ఇరుప్రక్కల నిలుచునట్లు జొనిపి, తలుపునుండి తిన్నగ నెదుటికి మీటుడు. టక్కుమని శబ్దము వచ్చును. ఇది మంచిశబ్దము, విఱుగుశబ్దము దీనికంటె పొడిగ, కీచుగ నుండును, రెండుమూడు పర్యాయములలో చెవికి భేదము తెలియును. ఒకటి వచ్చినదిగదా యని పలకను పట్టుకొని గుంజరాదు. రెండవ క్లిప్పుకడకు బద్దను జరుపుడు. క్లిప్పునకు దగ్గఱ లాగిన లాగు బలము క్లిప్పుపై పడును. దూరమున లాగిన దొప్పపై పడును. అడుగంచు, ఇరుప్రక్కలు వరుసగ ముగించినపిమ్మట పలక పైయంచును మాత్రము ఎదుటికి లాగవలదు. అది అద్దపు సందులోనికి వంకీవలె దిగియుండును; క్రింద నుండి రెండుచేతులతో నిట్టనిలువుగ పైకెత్తిన విడివడును.

పలక విడివడెనను సంతోషమున దూరముగ తీసికొనిపోబోకుడు. గడియపిడి తీగయో కడ్డీయో, అద్దపు మీట తీగలో, పాటల పెట్టె తీగలో వెనుక తగిలియుండును. పలకను మోకాటిపై నానించుకొని ఒక్కొక్క కనెక్టరును నాలుక నొక్కి విడదీయుడు. కనెక్టరును పట్టుకొని లాగవలెను, తీగలను పట్టుకొని కాదు. కొన్ని క్లిప్పులు పలకతో రాక రేకులోనే మిగులును. వానిని బద్దతో తిన్నగ పెఱికి, తిరిగి పలక దొప్పలలో ప్రక్కనుండి దూర్చి పెట్టుడు. రంధ్రములను, క్లిప్పులను ఎంచిచూచుకొనిన ఎన్ని కొనవలెనో అపుడే తెలియును.

పలక వెనుక పలుచని ప్లాస్టికు కాగితము నల్లబంకతో రేకునకు అంటించబడి యుండును. తొందరలో దీనిని చింపి పాఱవేయు మెకానిక్కులను మేమెఱుగుదుము. ఇది కూడ పనిగల వస్తువే. అద్దముప్రక్క రబ్బరును దాటి వాననీరు కొంత తలుపులోనికి దిగుట సహజము. ఆ నీరు క్యాబినులోనికి రాకుండ అడ్డగించి క్రిందికి జాఱవిడుచునది యీ కాగితమే. ఇది లేనిచో తొలివానకే డ్రైవరు కాలిక్రింద గోనెపట్టా తడియును, తీగల మూతులు పాచిపట్టును. 3.5 టన్నుల మొత్తము బరువు మించిన సరుకులారీలలో 2025 అక్టోబరు 1వ తేదీ మొదలు తయారగువానికి డ్రైవరు క్యాబినులో ఏసీ యుండవలెనని కేంద్రప్రభుత్వము విధించినందున ఇకమీదట తలుపుసందులు మూసియుండుట మఱింత యవసరము. కావున కాగితమును ఒక మూలనుండి మెల్లగ ఒలిచి, బంకకు దుమ్ము తగులకుండ మడిచిపెట్టి, పని ముగియగనే తొలిచోటనే యంటింపుడు.

తలుపు తెఱచియుండగ దాని యడుగున చూచుట మఱువకుడు. నీరు పోవుటకు చిన్నరంధ్రములుండును. మన చేలబాటల ఎఱ్ఱమన్ను, టమాటా ఆకు పొట్టు చేరి యవి పూడిపోవును. నిలిచిన నీటికి తలుపురేకు లోపలినుండి తుప్పుపట్టి, వెలుపల రంగు పొంగినపుడుగాని మనకు తెలియదు. వెదురుపుల్లతో పొడిచి శుభ్రపఱచుట నిమిషపు పని.

బిగించుటకుముందు అద్దమును ఎత్తిదింపి, గడియను వేసితీసి, అన్నియు సరిగనున్నవని చూచుకొనుడు. పైవంకీని ముందుగ అద్దపు సందులో దింపి, ప్రతి క్లిప్పు తన రంధ్రమున కెదురుగ నున్నదని తేలినతరువాత ఒక్కొక్కచోట అఱచేతితో నొక్కుడు. పిడికిటితో గ్రుద్దవలదు. ఏదైన దిగనిచో అది రంధ్రము తప్పి వంగినదన్నమాట. వెనుకకు తీసి సరిచేసి, కొంచెము సబ్బునీరు తగిలించి మరల నొక్కుడు. స్క్రూలను చివర బిగింపుడు. ప్లాస్టికులో దిగు స్క్రూను బలముకొలది త్రిప్పిన మఱ చెడును.

తలుపుపలకను తీయనేర్చినవారికి తక్కినవి కష్టము కావు. గడపపైనుండు పట్టీలు పెక్కుమట్టునకు పైకెత్తిన వచ్చును. నడుమ బొట్టువంటి మేకుగల రెండుముక్కల క్లిప్పులు కొన్నిచోట్ల నుండును. వానిలో ఆ బొట్టును ముందుగ పైకి లేపిన, కొన్నిటిలో లోనికి నొక్కిన, చుట్టుభాగము వదులగును. కాని స్టీరింగు చక్రముకడను, ఎయిర్‌బ్యాగ్ అని వ్రాసియున్న ఏ పలకకడను, పసుపురంగు కనెక్టరున్న ఏ తీగకడను రైతు చేయి పెట్టరాదు. అది ప్రేలు వస్తువు. ఆపని తెలిసినవారికే విడిచిపెట్టవలెను.

ఈ వైశాఖములో ఆ సభ్యులే మరల వచ్చిరి. ఈసారి రెండవతలుపు, గడియ కడ్డీ జాఱినది. వచ్చినది పగటిపూట, బండి ఖాళీగ నుండెను. పేలికతో పిడిని వారే తీసిరి, టార్చి మేము పట్టితిమి. తొమ్మిది క్లిప్పులకు తొమ్మిదియు చెడక వచ్చినవి. అడుగు రంధ్రములు పొడిచినపుడు చెంబెడు ఎఱ్ఱనీరు వెలికి వచ్చెను. పైన, తడి తగులని అడ్డరేకుపై ఎపుడో అద్దపు సందులోనుండి జాఱిన మండీ చీటీ యొకటి దొరకెను. అది 2023 జూలై నెలది. కిలో టమాటా నూఱు రూపాయలు దాటి యమ్మిన నెల. వారు దానిని దుమ్ము దులిపి, రెండుమార్లు చదివి, మడిచి చొక్కాజేబులో పెట్టుకొని, పలక పట్టుకొనుటకు తిరిగి వంగిరి.